సామాను మార్చినాయన

పోయిన నెల ఒక పొద్దున బడికి బయలుదేరుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నీ భయం ఉస్తాద్ పోయిండంట. నిద్రలనే గుండె ఆగిందట" అన్నాడు. నేను బడి సంచి మెట్టు మీద పెట్టేశాను. "మట్టి చేసే కాడికి పోదాం రా" అన్నాను. "సామాను మార్చినోని మట్టికి నేనెందుకొస్త?" అన్నాడు వాడు, చాయ్ వద్దన్నంత మామూలుగా.

కరీంనగర్‌లో మెకానిక్కుల గల్లీ ఒకటుంది. అక్కడ ఒకాయన్ని తాగుబోతు అనొచ్చు, కోపిష్టి అనొచ్చు, చెప్పిన రోజుకు బండి ఇవ్వడని నలుగురిలో తిట్టొచ్చు. ఆయన దుకాణానికి బండ్లు వస్తూనే ఉంటాయి. 'సామాను మారుస్తడు' అన్నారంటే మాత్రం అంతే సంగతులు. మీరిచ్చిన మంచి సామాను పక్కన పెట్టి ఇంకోటి బిగించి ఇచ్చాడని ఆ మాటకు అర్థం. ఆరేళ్ల కింద ఉస్తాద్ మీద ఆ మాట పడింది. వేసింది నా తమ్ముడు. ఆయన సామాను మార్చిందీ నిజమే. కానీ మార్చమని కాళ్లావేళ్లా పడ్డది నేను. ఆ సంగతి తమ్ముడికి తెలియదు. ఆరేళ్లుగా వాడు ఆ మాట అన్నప్పుడల్లా వింటూ కూర్చున్నాను. నోరు తెరవలేదు. నేను సైన్సు టీచర్ని, నిజం చెప్పమని పిల్లలకు రోజూ చెప్పేదాన్ని. సిగ్గుండాలి నాకు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన ఇంటివాళ్లకు ఇష్టం ఉండదు. గల్లీలో అందరికీ ఆయన భయం ఉస్తాద్.

మనం దూపైతుంది, నీళ్లియ్యి అని చెప్పినంత సులువుగా ఆయన "నాకు భయమైతుంది" అని చెప్పేవాడు. బోనెట్ ఎత్తేముందు, జాకీ ఎక్కించేముందు, పెట్రోల్ పైపు విప్పేముందు, ప్రతిసారీ. "జర ఆగుండ్రి, భయమైతుంది" అని రెండడుగులు వెనక్కి వేసేవాడు. తడి గోనెసంచి ఎక్కడుందో చూసుకుని, ఇసుక బకెట్‌ను కాలితో దగ్గరికి జరుపుకుని, అప్పుడు పానా పట్టేవాడు. పక్క దుకాణాల్లో నోట్లో బీడీ పెట్టుకునే కార్బురేటర్లు కడిగేవాళ్లున్నారు. వాళ్లు పెట్టిన పేరే అది. మొహం మీద పిలిచినా ఆయనకు కోపం రాదు. రెండు చేతులూ చాపి, "చూడుండ్రి, పది వేళ్లు పదున్నయ్. మీరు లెక్కబెట్టుకోండ్రి మీవి" అని నవ్వేవాడు.

రోడ్డు దాటాలంటే పక్కన ఎవరుంటే వాళ్ల చొక్కా చేతి అంచు పట్టుకునేవాడు. తెలిసినవాళ్లా కాదా అని చూసుకోడు. ఒకసారి కమాన్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ చొక్కానే పట్టుకున్నాడట. ఆ కానిస్టేబుల్ ఏమీ అనకుండా దాటించి వచ్చాడట. తాను కట్టిన బండిలో తాను ఎప్పుడూ కూర్చోడు. ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు చెప్పులు విప్పేసి, ఇంజన్‌కు వీపు పెట్టి, కళ్లు మూసుకుని సిమెంటు నేల మీద నిలబడేవాడు. చప్పుడు చెవులకంటే ముందు అరికాళ్లకు తెలుస్తుందని ఆయన నమ్మకం. నేను ఫిజిక్స్ చదువుకున్నదాన్ని కదా, అది తప్పు కాదని చెప్పాను. ఆ రోజు నుంచి ఆయనకు నేనంటే గౌరవం.

నా తమ్ముడు పదకొండేళ్లు షార్జాలో నీళ్ల ట్యాంకర్ తోలాడు. ఆ ట్యాంకర్ గంటకు ఎనభై దాటకుండా కంపెనీ కట్టేసి ఉంచేది. పదకొండేళ్లు వాడి పక్కనుంచి రకరకాల కార్లు రివ్వుమని పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. తిరిగొచ్చినప్పుడు వాడి కోరిక ఒక్కటే. అరవై ఏళ్ల కిందటి విలాయతీ రేసు కారు ఒకటి, పైకప్పు లేనిది, రెండే సీట్లది. దానికి నకలు కట్టించాలి. ఫైబర్‌తో చేసిన డొల్ల పుణె నుంచి లారీలో వచ్చింది. ముక్కు పొడుగు, రంగు ఆకుపచ్చ. ఇంజన్ ఒక పాత కారులోంచి తీసింది. ఇక ఆ ఇంజన్‌కు ఏ కార్బురేటర్లు పెట్టాలి, ఏ క్యామ్ షాఫ్ట్ పెట్టాలి అన్నదే తేలాలి. వాడికి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి అప్పటికి నాలుగేళ్లు. మమ్మల్ని కన్న అవ్వ పోయినప్పుడు వాడికి కూడా నాలుగేళ్లే. చంకనేసుకుని పెంచింది నేను. ఆ ఆకుపచ్చ డొల్లను చూసినరోజు నాకు శవపేటిక గుర్తొచ్చింది. 

ఉస్తాద్ ఆ డొల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముట్టుకోలేదు.

"గిది ఎవలు నడుపుతరు?" అన్నాడు.

"నేనే" అన్నాడు తమ్ముడు.

"పిల్లలెంతమంది?"

"ఇద్దరు. గదెందుకు ఉస్తాద్? ఇంజన్ ఎన్ని సీసీలో అడుగు."

"సీసీలు గాడ రాసున్నయ్. మనిషి మీద ఏం రాసి లేదు. అందుకే అడుగుతున్న. సాయంత్రం నీ మోటర్ సైకిల్ తే. సుల్తానాబాద్ పోయొద్దాం."

ఇది ఆయన పద్ధతి. గల్లీలో ఇంకెవరికీ లేదు. ఇంజన్‌కు బలం పెంచమని ఎవరొచ్చినా ముందు వాళ్ల మోటార్ సైకిల్ మీద వెనక కూర్చుని సుల్తానాబాద్ దాకా పోయి వచ్చేవాడు. కుడిచెయ్యి నడిపేవాడి భుజం మీద, ఎడమచెయ్యి ఒళ్లో. ఎదురుగా ఏదన్నా వచ్చినప్పుడు నడిపేవాడు యాక్సిలరేటర్ ఎన్నిసార్లు వదిలాడో ఎడమచేతి కణుపుల మీద లెక్కపెట్టుకునేవాడు. తిరిగొచ్చాక నీకు పెద్ద సామాను, నీకు చిన్న సామాను అని తేల్చేవాడు. ఒక వకీలు జీపు తెచ్చి రెండు కార్బురేటర్లు కావాలంటే, "మీకు ఒక్కటి చాలు సార్. మీరు బర్రె వస్తే హారన్ కొడుతున్నరు, కాలు తీస్తలేరు" అని పంపించేశాడు.

ఆ సాయంత్రం నేను దుకాణం దగ్గరే ఉన్నాను. తమ్ముడు నవ్వుతూ దిగాడు. ఉస్తాద్ దిగి, కుండ దగ్గరికి పోయి, రెండు చెంబుల నీళ్లు తాగాడు.

"ఎట్ల నడిపిండు?" అన్నాను.

"మంచిగ నడుపుతడు టీచరమ్మా. గదే భయం" అన్నాడు. "చేతకానోడు బండిని నమ్మడు. మీవోడు నమ్ముతడు. దాంట్ల బలం ఉన్నదనుకున్నకాడికి పోతడు."

ఆ మాటలు నేను అప్పుడు సరిగ్గా వినలేదు. 'భయం' అన్న మాటొక్కటే చెవిలో పడింది.

తర్వాత పది రోజులు వాళ్లిద్దరికీ వాదన. తమ్ముడు విదేశాల వాళ్లు రాసిన కాగితాలు ఫోన్‌లోంచి తీసి అచ్చు వేయించుకుని వచ్చేవాడు. ఉస్తాద్ అవి చదవడు, కింద పరుచుకుని నట్లు పెట్టుకునేవాడు. క్యామ్ షాఫ్ట్ అంటే ఇంజన్ లోపల తిరిగే ఒక కడ్డీ. దాని మీద గుబ్బలుంటాయి. ఆ గుబ్బలే ఇంజన్‌లో తలుపుల్లాంటి వాటిని తెరిచి మూస్తాయి. గుబ్బలు చిన్నవైతే తలుపులు కొంచెం సేపే తెరుచుకుంటాయి, ఇంజన్ నెమ్మది మీద బాగా లాగుతుంది. పెద్దవైతే నెమ్మది మీద నీరసంగా ఉండి, ఒక వేగం దాటాక ఒక్కసారిగా లేస్తుంది. కార్బురేటర్ ఆ తలుపులకు పెట్రోలూ గాలీ కలిపి పంపేది. ఇంతవరకు నాకు అర్థమైంది. షార్జా దోస్తు ద్వారా ఇంగ్లాండు నుంచి తెప్పించిన పెద్ద గుబ్బల క్యామ్ ఒకటి తమ్ముడి దగ్గర అప్పటికే ఉంది.

"మన రోడ్డు గట్టిది కాదు తమ్మీ" అనేవాడు ఉస్తాద్. "సగం రోడ్డు మీద వడ్లు ఎండబోస్తరు. ఊరూరికి బ్రేకర్. పెద్దది లేసేటి వేగం మన కాడ యాడ దొరుకుతది? దొరికిన కాడ దొరకకుంటనే మంచిది."

"ఉస్తాద్, నాకు గా గుంజుడే కావాలె. ఒక్కసారన్న వీపు సీటుకు అతుక్కోవాలె. పదకొండేండ్లు ఎనభై దాటకుంట పోయిన."

ఆ మాటకు ఉస్తాద్ తల వంచుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. కార్బురేటర్లు రెండు, కానీ మధ్యరకం గొంతువి. క్యామ్ మాత్రం తమ్ముడు చెప్పిన పెద్దదే. "బండి నీది. నేను చెప్పుడు వరకే" అన్నాడు. ఆయన నిజాయితీ అలాంటిది. వద్దని ముఖం మీద చెప్తాడు, ఆ తర్వాత అడిగింది అడిగినట్లు చేస్తాడు.

మర్నాడు తమ్ముడు ముందు అద్దం కోసం పుణె పోయాడు. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టగానే నేను ఉస్తాద్ దుకాణానికి పోయాను. ఆయన టిఫిన్ డబ్బా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. అయ్యేదాకా నిలబడ్డాను.

"ఉస్తాద్, చిన్నది పెట్టండి. వాడికి చెప్పొద్దు" అన్నాను.

ఆయన డబ్బా మూత పెట్టేశాడు. "నేను సామాను మార్చ టీచరమ్మా. నలభై ఏండ్ల కెల్లి గీ గల్లీల ఉన్న. ఒక్క నట్టు మార్చలే."

బతిమాలాను. ఏడ్చాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు నేను చేసిన పని ఉంది చూడండి, దానికి క్షమాపణ లేదు. ఆయన దేనికి లొంగుతాడో నాకు తెలుసు. "రేపు వానికేమన్న అయితే మీకు నిద్ర పడ్తదా ఉస్తాద్? మీ అరికాళ్లకు గా చప్పుడు జీవితమంత తెలుస్తనే ఉంటది" అన్నాను.  ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. అంతసేపూ తినని అన్నం కుక్కకు పెట్టి వచ్చి, "మీరు పోండ్రి" అన్నాడు.

తమ్ముడు పుణె నుంచి వచ్చేసరికి ఇంజన్ బిగించి ఉంది. లోపల ఇంజన్‌తో వచ్చిన చిన్న క్యామే. పెద్దది నూనె గుడ్డలో చుట్టి ఆయన పెట్టెలో దాచాడు. పెద్ద క్యామ్ ఉన్న ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఎగుడుదిగుడుగా దడదడలాడుతుందట. చిన్నది సాఫీగా తిరుగుతుందట. తమ్ముడికి అనుమానం రాకుండా ఉస్తాద్ ఒక కార్బురేటర్‌ను కావాలనే కొంచెం తప్పుగా తిప్పి పెట్టాడు. ఇంజన్ స్టార్ట్ కాగానే దడ్ దడ్ దడ్ అని గల్లీ అంతా వినిపించింది. తమ్ముడు చిన్నపిల్లాడిలా గంతులేశాడు, ఉస్తాద్‌ను వాటేసుకున్నాడు. ఆ రోజు ఉస్తాద్ చెప్పులు విప్పలేదు, వీపు తిప్పలేదు. పోయి చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. "కొత్త సామాను, వెయ్యి కిలోమీటర్లు అయ్యేదాంక ఇంజన్‌ను నిమిషానికి మూడు వేల చుట్లు దాటనియ్యకు" అని చెప్పి పంపాడు. ఆ వేగం వరకు రెండు క్యాములకూ తేడా పెద్దగా తెలియదు.

రెండు నెలలు నేను హాయిగా నిద్రపోయాను. 

పత్తి లారీలు రోడ్డెక్కే రోజులు. ఒక పొద్దున తొమ్మిదో తరగతిలో పాఠం చెప్తున్నాను. వరండాలో ఉస్తాద్ కనబడ్డాడు. ఒంటరిగా అంత రోడ్డు ఎలా దాటి వచ్చాడో తెలియదు. చంకలో నూనె గుడ్డ మూట. బయటికి వచ్చాను.

"తమ్ముడు యాడికి పోయిండు?" అన్నాడు.

"ఆదిలాబాద్. షార్జా దోస్తుకు బండి చూపించొస్తనని. ఎందుకు?"

"పొయ్యేముందు దుకాణం కాడికి వచ్చిండు. వెయ్యి కిలోమీటర్లు నిండినయ్, ఇయ్యాల చూస్త ఉస్తాద్ దాని సంగతి, అన్నడు. పోయినంక నాకు సమజైంది. టీచరమ్మా, మనం తప్పు లెక్క చేసినం."

నాకింకా అర్థం కాలేదు.

"చిన్నది ముందల మంచిగ గుంజుతది. నాలుగు వేలు దాటినంక దానికి ఊపిరి అందది. పెద్దది నాలుగు వేల కాడనే లేస్తది. తమ్ముడు లోపల పెద్దది ఉన్నదనుకుంటుండు. లారీ పక్కకెల్లి బయటికి తీస్తడు. ఎదురుంగ బస్సొస్తది. ఇగ లేస్తది, ఇగ లేస్తది అని కాలు తొక్కే ఉంచుతడు. అది లేవది."

 వేగం, దూరం, కాలం. ఆ లెక్క బోర్డు మీద ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను. వాణ్ని కాపాడాలని నేను పెట్టించిందే వాణ్ని చంపొచ్చని ఒక్కనాడు తట్టలేదు. లేని బలాన్ని ఉందనుకుని నా తమ్ముడు రోడ్డు మీద ఉన్నాడు.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. పైకప్పు లేని కారు, గాలిలో ఏం వినపడుతుంది. అడ్డా మీద టాక్సీ మాట్లాడుకుని ఇద్దరం ఎక్కాం. జగిత్యాల మీదుగా మెట్‌పల్లి, అక్కడి నుంచి ఖానాపూర్, నిర్మల్. వాడు ఎప్పుడూ పోయే దారి అదే. ఉస్తాద్ ముందు సీట్లో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెనక నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎదురుగా వచ్చే ప్రతి లారీ ముందు భాగం చూసేదాన్ని, ఆకుపచ్చ రంగు ఏమన్నా అంటుకుని ఉందా అని. మెట్‌పల్లి దాటాక రోడ్డుకు అడ్డంగా జనం గుంపు.  "ఆపు" అని అరిచానట, నాకు తెలియదు. ఉస్తాద్ దిగి పోయాడు. నేను దిగలేకపోయాను. తలుపు పిడి పట్టుకుని, దేవుడా దేవుడా అనుకుంటూ నా మోకాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఆయన తిరిగొచ్చి, "పసుపు బస్తాలు. ట్రాక్టర్ కెల్లి జారినయ్" అన్నాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. ఆ రోజు దారంతా ఆయన భయమన్న మాట ఒక్కసారి కూడా అనలేదు.

గోదావరి వంతెన దాటి ఖానాపూర్ ఇంకా కొంత దూరం ఉందనగా కారు కనిపించింది. ఎడమ చక్రాలు రెండూ రోడ్డు దిగి మొక్కజొన్న చేనులో ఉన్నాయి. ముక్కు పగిలింది. తమ్ముడు కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా దుమ్ము, దెబ్బల్లేవు. నేను పోయి వాడి తల, భుజాలు, చేతులు తడుముతుంటే వాడు నన్ను చూడనే లేదు. ఉస్తాద్ వైపే చూస్తున్నాడు.

"ఉస్తాద్, బండి లేవలే" అన్నాడు. "పత్తి లారీ పక్కకెల్లి తీసిన. ఎదురుంగ బస్సు. తొక్కిన. అది లేవనే లేవలే. లారీ ఆయన బ్రేకు కొట్టి సందిచ్చిండు. లేకుంటె ఇయ్యాల నా పిల్లలు..." అని ఆగిపోయాడు. "ఎందుకు లేవలే?"

ఉస్తాద్ మూట విప్పాడు. పెద్ద క్యామ్ ఎండలో మెరిసింది. "నీది గిది. లోపల ఉన్నది చిన్నది" అన్నాడు.

తమ్ముడు క్యామ్‌ను చూసి బండి వైపు చూశాడు. "ఎవలు మార్చమన్నరు?" అన్నాడు.

నేను ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను.  వాడు ఎలా చూస్తాడో అన్న భయం, ఇంతకుముందు ప్రాణం గురించి పడ్డ భయమంతటినీ మింగేసింది. ఉస్తాద్ నా వైపు చూడలేదు. చూస్తాడేమోనని నేను కళ్లు దించుకున్నాను.

"ఎవలనలే. నాకే భయమైంది" అన్నాడాయన.

"సామాను మార్చినవ్" అన్నాడు తమ్ముడు.

"మార్చిన."

వాడు ఆయన చేతిలోంచి క్యామ్ లాక్కున్నాడు.  అనాల్సింది కరీంనగర్ వచ్చాక అన్నాడు, గల్లీలో ఒక్కో దుకాణం ముందు నిలబడి, పేరు పెట్టి అన్నాడు. నెల తిరగకుండా ఉస్తాద్ షెడ్డులో బండ్లు లేకుండా పోయాయి. ఆయన బోరు మోటార్లు, మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసుకుంటూ బతికాడు. వాటికీ తడి గోనెసంచి పక్కన పెట్టుకునేవాడని విన్నాను.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే, ఏడాది గడిచాక, దగ్గరగా చూశాను. కూరగాయల మార్కెట్ ముందు రోడ్డు దాటబోతుంటే ఎవరో నా చీర కొంగు అంచు పట్టుకున్నారు. తిరిగి చూస్తే ఆయన. నేనని చూడకుండానే పట్టుకున్నాడు. దాటాక చూసి, వదిలేశాడు.

"తమ్ముడు మంచిగున్నడా?"

"ఉన్నడు. ఉస్తాద్, నేను వానికి చెప్తా..."

"వద్దు" అన్నాడు. "నాకైతె ఒక్క గల్లీ పోయింది. మీకు తమ్ముడు పోతడు. పోండ్రి, ఎండల నిలబడకుండ్రి."

నేను సంతోషంగా ఒప్పుకుని వచ్చేశాను. అవును, సంతోషంగానే. ఆయన వద్దన్నాడు కదా అని ఐదేళ్లు ఆ మాట చాటున దాక్కున్నాను.

అందుకే ఫోన్‌లో తమ్ముడు రానన్నప్పుడు, "నాకోసం రా. ఒక్కదాన్నే పోలేను" అన్నాను. వాడు ఆ ఆకుపచ్చ కారులోనే వచ్చాడు. దారిలో చెప్పేద్దామని నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగుసార్లూ దారి గురించే మాట్లాడాను. సమాధుల తోట గేటు దగ్గర కారు ఆపి, "నేను గిక్కడనే ఉంట, నువ్వు పో" అన్నాడు వాడు.

లోపల మిషన్ చర్చి వాళ్లు ఓ ముప్పై మంది, చుట్టాలు. ఉస్తాద్ భార్య నా చెయ్యి పట్టుకుంది. "గల్లీ కెల్లి ఒక్కడు రాలే టీచరమ్మా" అంది. "నలభై ఏండ్లు గాడనే పని చేసిండు. ఒక్కడు రాలే." ఆమెకు అసలు సంగతి తెలుసో తెలియదో ఆమె మొహంలో నాకు కనబడలేదు. పాస్టర్ గారు వాక్యం చదివి, "అన్న గురించి ఎవరన్న సాక్ష్యం చెప్తరా?" అని అడిగారు. ఎవరూ కదల్లేదు.  లేచి నిలబడ్డాక కూడా కూర్చుందామా అనిపించింది.

"ఆయన తనంతట తాను సామాను మార్చలేదు" అన్నాను.  "మార్చమన్నది నేను. నా తమ్ముని బండిల చిన్న క్యామ్ పెట్టుమని ఏడ్సి, బెదిరించి, ఆయనతోటి చేయించిన. మాట పడ్డది ఆయన. నేను చూసుకుంట నిలబడ్డ."

గేటు వైపు చూడకుండా ఉండలేకపోయాను. తమ్ముడు గేటు లోపలికి వచ్చి ఉన్నాడు. విన్నాడు. నా దగ్గరికి రాలేదు. నేరుగా పోయి పెట్టె మోసేవాళ్లలో ఒకాయన్ని పక్కకు జరిపి తన భుజం పెట్టాడు.

 తిరిగొచ్చాక తమ్ముడు మా ఇంటి ముందు బండి ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"పెద్ద క్యామ్ నేను ఎక్కియ్యలే అక్కా" అన్నాడు. "గా బస్సు ముఖం మర్వలే. బండి ఆయన పెట్టినట్లనే ఉన్నది ఆరేండ్ల సంది. చిన్నదాన్ని గీ బండిలనే బడికి తీస్కపోతున్న."

"మరి గల్లీల గట్లెందుకన్నవ్‌రా ఇన్నేండ్లు?"

"నువ్వెందుకు సప్పుడు చేయకుంట ఉన్నవ్?" అన్నాడు.

వాడు తిరిగి ఇంజన్ స్టార్ట్ చేశాడు. "పొద్దుగాల దుకాణాలు తెరిచే యాళ్లకు తయారుండు. ఇద్దరం పోవాలె" అన్నాడు.

మర్నాడు ఇద్దరం గల్లీ మొగదల మొదటి దుకాణం ముందు నిలబడ్డాం. ఉస్తాద్‌తో పాటు ఆ గల్లీలో ముసలివాడైన మెకానిక్ ఒకాయనది అది. ముందు తమ్ముడు చెప్పాడు, తర్వాత నేను చెప్పాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

"మట్టికి నేను రాలే" అన్నాడు. "సామాను మార్చినోడని రాలే. గిప్పుడొచ్చి చెప్తున్నరా మీరు?"

ఆయన లోపలికి పోయి, మాకు వీపు చేసి పని మొదలుపెట్టాడు. మేం పక్క దుకాణానికి నడిచాం. ఆ గల్లీలో ఇంకా ఇరవై రెండు దుకాణాలున్నాయి.